“యోగ్యతమ”లో తప్పు “తమ”దా, “యోగ్య”దా?

కందుకూరు పంతులమ్మ:
తెలుగు మీడియంలో జీవశాస్త్రం చదివినవాళ్లకు ఒక ప్రశ్న. ఇంగ్లీషు “సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్”కు మన పుస్తకాల్లో ఉన్న మాట గురించి. “యోగ్యతమ జీవుల సార్థక...” తర్వాత ఏముండేది? జీవనమా, మనుగడా? మూడు రోజులుగా నోట్లో నానుతోంది, బయటికి రావడం లేదు.

మొన్న నెల్లూరులో ఒక పెళ్లికి వెళ్లాం. బంతిలో నా పక్కన మా చెల్లెలు, దాని ఒళ్లో కొడుకు. వాడికి తొమ్మిదేళ్లు. నడవలేడు, అన్నం కలిపి పెట్టాలి. ఎదురు వరసలో ఒక పెద్దాయన వాణ్ణి చూస్తూ పక్కాయనతో, “ఇలాంటివాళ్లను మోసుకుంటూ పోతే జాతి బలహీనపడుతుంది. యోగ్యతముడే బతకాలని సైన్సే చెప్పింది” అన్నారు. కలిపిన ముద్ద మా చెల్లెలి చేతిలోనే ఉండిపోయింది. పిల్లాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను, నాకు ఒక్క మాట అందలేదు. ఆ వాక్యం పూర్తిగా గుర్తుంటే బదులు చెప్పేదాన్నేమో.

పెన్నాతీరం:
“మనుగడ” అక్కా. నాకు అనుమానం లేదు. కానీ చిక్కంతా “తమ” దగ్గర ఉంది. తర తమ భేదాల్లో తమ అంటే అందరికన్నా పైన ఉన్నది. ఆ రెండక్షరాలు పడగానే పరుగుపందెం గుర్తొస్తుంది, గెలిచేది ఒక్కడే. ప్రకృతిలో అలా లేదు. ఆ పూటకు, ఆ చోటికి సరిపోయినవన్నీ బతుకుతాయి. ఇంగ్లీషు “ఫిట్టెస్ట్”లో కూడా ఆ “ఎస్ట్” డార్విన్ పెట్టింది కాదు. 1859లో ఆయన “ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్” పుస్తకం వచ్చినప్పుడు అందులో ఆ మాటే లేదు. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఇంగ్లీషు తత్వవేత్త పుట్టించాడు. డార్విన్ 1869 నాటి అయిదో కూర్పులో చేర్చుకున్నాడు.

అద్దంకి అభిమాని:
“తమ”ను ఆడిపోసుకోవడం దేనికి సోదరా? తప్పు “యోగ్య”ది. తెలుగులో యోగ్యుడంటే మంచివాడు, తగినవాడు, పిల్లనివ్వదగినవాడు. గుణం ఆ మాటలోనే ఉంది. ఇంగ్లీషు “ఫిట్”కి ఇక్కడ సరైన తెలుగు “నప్పు”. ఈ రంగు నాకు నప్పలేదంటాం. అందులో రంగుకు వచ్చిన తక్కువేం లేదు. “నప్పినవాటి మనుగడ” అని రాసి ఉంటే ఆ పెద్దాయన నోట ఆ మాట వచ్చేదే కాదు.

ఒంగోలు గిత్త:
నప్పడానికి మా ఊరి సాక్ష్యం చాలు. మా ఇంట్లో ఒక ఒంగోలు ఆవు, ఒక హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే సీమజాతి) ఆవు ఉన్నాయి. పాల లెక్కలో హెచ్‌ఎఫే మేలు. మే నెల మధ్యాహ్నం మాత్రం అది నాలుక బయటపెట్టి రొప్పుతుంది, దానికి ఫ్యాను పెట్టి తడిగోనె కప్పాలి. ఒంగోలు ఆవు వేపచెట్టు కింద నిలబడి నెమరేస్తుంటుంది. ఈ జాతే బ్రెజిల్ వెళ్లి అక్కడి వేడిలో “నెలోరె” పేరుతో పెరిగింది. మంచు కురిసే చోట ఉంటే లెక్క మారుతుంది. ఇందులో యోగ్యతమ ఏదో చెప్పండి.

ఇంకో మాట. “జాతి”ని ఎవరూ పట్టించుకోలేదేం? గిత్తకూ జాతే, కులానికీ జాతే, దేశానికీ జాతే. పశువుల సంతలో మాట మనుషుల మధ్యకు వచ్చేది ఆ గుమ్మంలోంచే. గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1883లో యూజెనిక్స్ అని పేరు పెట్టింది ఆ సంత లెక్కకే, మేలు రకం మనుషులనే పెంచాలన్న లెక్కకు. జర్మనీలో 1933 చట్టంతో దాదాపు 4 లక్షల మందికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేశారు. అమ్మా, మీ చెల్లెలి కొడుకులా వైకల్యం ఉన్నవాళ్లు వాళ్లలో ఎందరో.

పెన్నాతీరం:
“నప్పు” బాగుంది, ఒప్పుకుంటాను. కానీ “వరణం” సంగతేమిటి? “నేచురల్ సెలెక్షన్”ను ప్రకృతి వరణం అనగానే స్వయంవరంలో దండ పట్టుకుని ఎవరో నిలబడ్డట్టు ఉంటుంది. డార్విన్‌తో పాటే ఈ సిద్ధాంతానికి వచ్చిన వాలెస్ 1866లో ఆయనకు ఉత్తరం రాసింది ఈ బాధతోనే: ఎంపిక అంటే ఎంచేవాడు ఉన్నాడనుకుంటారు, స్పెన్సర్ మాట వాడు అని. ఎంచేవాణ్ణి తీసేద్దామని తెచ్చిన మాటను పట్టుకుని మనుషులే ఎంచేవాళ్లయి కూర్చున్నారు.

అద్దంకి అభిమాని:
ఇవన్నీ మన ఎర్రన ఎప్పుడో తేల్చాడు. అరణ్యపర్వంలో కొండచిలువ రూపంలో ఉన్న నహుషుడు భీముణ్ణి చుట్టేసి ధర్మరాజును అడుగుతాడు, బ్రాహ్మణుడెవరని. సత్యం, దానం, క్షమ ఎవరిలో ఉంటే వాడే అంటాడు ధర్మరాజు. పుట్టుకను బట్టి తేల్చలేమనీ అంటాడు.

చీరాల మగ్గం:
అన్నా, ఎర్రన మీద నాకూ ప్రాణమే. కానీ అది నన్నయ భాగం. నహుషుడి కథ అయ్యాకే నన్నయ చివరి పద్యం “శారదరాత్రులు” వస్తుంది, ఎర్రన అక్కణ్ణుంచి అందుకున్నాడు. ఎర్రన కావాలంటే ధర్మవ్యాధుడి కథ చూడండి. మాంసం అమ్ముకునేవాడి దుకాణానికి కౌశికుడు ధర్మం నేర్చుకోవడానికి వెళ్తాడు. మీ వాదనకు అదే ఎక్కువ బలం.

అద్దంకి అభిమాని:
నిజమే, పొరపాటు. ధర్మవ్యాధుణ్ణి మరిచిపోవడం నాది తప్పే.

కావలి:
మీరు తమ, యోగ్య అంటున్నారు. మా ఇంట్లో మమ్మల్ని పట్టి పీడించిన అక్షరాలు వేరే ఉన్నాయి. “పుట్టు”. పుట్టుదొంగలు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికీ వచ్చింది. కావలిలో ఎరుకలవాళ్లను కాపలాలో ఉంచే సెటిల్మెంటు పెట్టారు. రాత్రిపూట పేర్లు పిలిస్తే మగవాళ్లు పలకాలని, జ్వరంతో ఉన్నా లేచి నిలబడాలని మా జేజి చెప్పేది. ఎవరూ ఏ దొంగతనం చేయనక్కర్లేదు, ఆ ఇంట్లో పుడితే చాలు. అదే కాలంలో రిస్లీ అనే తెల్లదొర ముక్కుల వెడల్పు కొలిచి కులాలకు మెట్లు కట్టాడు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ అదే కొలబద్ద పట్టుకుని తిరిగి, దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. అంతా సైన్సే అన్నారు. మద్రాసులో చట్టం 1947లో పోయింది. ఆ మాట మాత్రం నేను బడికి పోయేటప్పుడు కూడా వెనక నుంచి వినపడేది.

కందుకూరు పంతులమ్మ:
అన్నా, మీరు రాసింది మా చెల్లెలికి ఫోన్లో చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. ఇప్పుడు “పుట్టు” కూడా నా నోట్సులో రాసుకున్నాను.
సార్థక తర్వాత మాట మాత్రం ఇంకా ఖాయం కాలేదు.

పెన్నాతీరం:
మనుగడే అక్కా.

చీరాల మగ్గం:
జీవనం. మా అన్న పుస్తకంలో చూసిన గుర్తు.

అద్దంకి అభిమాని:
ముందు “సార్థక” ఎందుకో చెప్పండి. బతకడం ఒకటి, సార్థకం కావడం ఇంకొకటి. ఇంగ్లీషులో లేని ఆ మాటను మనవాళ్లు ఎందుకు చేర్చారు?