లాంటానా తీసేసిన చోట దుప్పులకు గడ్డి నిలవాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. కవ్వాల్ టైగర్ రిజర్వ్ బఫర్‌లో (పులుల ప్రధాన అడవి చుట్టూ ఉండే ప్రాంతం) గడ్డి మైదానాల పని చూసే చిన్న బృందంలో ఉన్నాను. టేకు అడవి మధ్య ఒక ఖాళీ జాగాను చుక్కల దుప్పుల కోసం బాగు చేస్తున్నాం. అవి మేస్తేనే కదా పులికి తిండి.

గడ్డిని ఎదగనివ్వని లాంటానా అనే విదేశీ పొదను పైపైన నరికితే వానలకు మొదలు నుంచి గుబురుగా చిగురిస్తుంది. అందుకే మట్టి కాస్త తవ్వి, కాండం వేరులో కలిసే చోటికి కిందుగా కోసి, పొదను తలకిందులుగా పెడుతున్నాం. ఇది బాగానే పనిచేస్తోంది. కానీ పిట్టలు ఆ నల్లటి పండ్లు తిని ఎక్కడెక్కడో రెట్టలు వేస్తాయి, వాటితోపాటే విత్తనాలూ పడతాయి. తొలకరికి గడ్డి కంటే ముందు లాంటానా మొలకలే కనిపిస్తున్నాయి. పీకడానికి మనుషులు చాలడం లేదు.

ఇంకో తలనొప్పి పశువులు. గడ్డి వేలెడు ఎత్తు రాగానే ఊరి మందలు దిగుతున్నాయి. వాళ్లకూ మేత కావాలి, గొడవ పెట్టుకోవడం నాకిష్టం లేదు. ముళ్లకంప అడ్డం వేస్తే దుప్పులు కూడా రావడం మానేస్తాయేమోనని టెన్షన్.

నల్లమలలోనో, మరెక్కడైనానో ఇలాంటి పని చేసినవాళ్లు చెప్పండి: స్థానిక గడ్డి విత్తనం మీరే సేకరించి చల్లారా, లేక దుబ్బులు తెచ్చి నాటారా? ఎన్నాళ్లు మేత ఆపించారు, ఊరివాళ్లను ఎలా ఒప్పించారు? పక్కనే వేసవిలో ఎండిపోయే చిన్న కుంట ఉంది. దాన్ని ముందు చూసుకోవాలా, గడ్డి నిలిచాకా?