పాత ఏలూరు తివాచీ ఇంతకాలం మన్నడానికి కారణమేమిటి?

మా తాతగారు 1960 ప్రాంతంలో ఏలూరులో కొన్న ఉన్ని తివాచీ నేటికీ మా హాల్లోనే ఉంది. అంచు కుచ్చులు రాలిపోయి, ఒక మూల పురుగు కొట్టినా, తిరగేసి చూస్తే ప్రతి ముడీ పడుగు (నిలువు) దారాలను బిగించి పట్టుకునే కనిపిస్తుంది. ఆరేళ్ల క్రితం కొన్న కొత్త ఉన్ని తివాచీ మాత్రం (అదీ చౌకేమీ కాదు) మొదటి నెల నుంచే నూగు రాలుస్తూ వచ్చి, ఇప్పుడు వెనుక పూసిన రబ్బరు జిగురు కూడా పొడిపొడిగా ఊడిపోతోంది. ముడులు వేయకుండా దారాన్ని గన్ అనే చేతి యంత్రంతో గుడ్డలోకి గుచ్చి జిగురుతో నిలపడమే ఇందుకు కారణమా, లేక ఉన్నిలోనే తేడా ఉందా? ఇప్పటి చేతిముడి తివాచీలైనా పాతవాటంత కాలం మన్నుతాయా? పాతదాని అంచును నూలు దారంతో కుట్టించాలో, ఉన్ని దారంతో కుట్టించాలో కూడా నేతపని తెలిసినవారు దయచేసి చెప్పగలరు.