నాన్న స్ప్లెండర్‌ని బ్యాటరీ బండి చేద్దామనుకుంటున్నా, 2 కిలోవాట్ల మోటారు చాలా?

తెనాలి కుర్రాడు:
నాన్నది 2004 స్ప్లెండర్ ప్లస్. ఇంజను బోరుకొచ్చింది, స్టార్ట్ చేస్తే వీధంతా పొగ. మెకానిక్ 12 వేలంటున్నాడు. దానికి ఇంకొంచెం కలిపి బ్యాటరీ బండి చేసేస్తే పోలా అని. పోనూ రానూ రోజుకి 44 కిలోమీటర్లు. వెనక చక్రంలోనే ఉండే 72 వోల్టుల హబ్ మోటారు ఒకటి చూసిపెట్టా. ఇంట్లో చేసుకున్నవాళ్లెవరైనా ఉన్నారా? వెల్డింగ్ వచ్చు, కరెంటు పని ఓ మోస్తరు.

ఆటోనగర్ బాబాయ్:
అబ్బాయ్, మా బావమరిది బండికి నేనే చేశా. 2 కిలోవాట్లు చాలు. ఇద్దరెక్కి ఫ్లైఓవర్ ఎక్కితే కాస్త మూలుగుద్ది, అంతే. బ్యాటరీ మటుకు ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది తీసుకో. 3.2 వోల్టుల సెల్లులు 24 వరసగా కలిపితే 76.8. 40 ఆంపియర్ అవర్లదైతే మూడు యూనిట్ల పైచిలుకు. 45 స్పీడు దాటకుండా తోలితే కిలోమీటరుకి 35, 40 వాట్ అవర్లు తాగుద్ది. నీ 44కి సరిపోయి ఇంకా మిగులుద్ది.

నేను రెండుచోట్ల దెబ్బతిన్నా. హెడ్‌లైటుకీ హారనుకీ 12 వోల్టులిచ్చే కన్వర్టర్ మీద 80 వోల్టుల వరకే అని రాసుంది. బ్యాటరీ నిండితే సెల్లుకి 3.65 చొప్పున 87.6 అవుద్దని లెక్కేసుకోలా. పొద్దున్నే ఫుల్ ఛార్జింగు మీద తాళం తిప్పా, టప్‌మంది. సీటు కింద నుంచి కాలిన వైరు కంపు.

రెండోది ఇంకా ఘోరం. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పేటప్పుడు యాక్సిల్ వెనక్కి తిరగాలని చూస్తది. పెట్రోలు బండి యాక్సిల్‌కి ఆ బాధ లేదు, అందుకే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీలు) చివర యాక్సిల్ కూర్చునే గాడి అంత బలంగా ఉండదు. నట్టు గట్టిగా బిగించాంలే అనుకున్నా. మూడో రోజు బెంజి సర్కిల్లో పచ్చలైటు పడగానే రేజు చేశా, వెనక ‘కటక్’. యాక్సిల్ గాడిలో గిర్రున తిరిగి, దాని బోలులోంచొచ్చే మోటారుకి కరెంటిచ్చే మూడు ఫేజు వైర్లనీ తాడు పేనినట్టు పేనేసింది. షాపు దాకా తోసుకుంటూ వచ్చా. ఆ తర్వాత 8 మిల్లీమీటర్ల ఇనప పట్టీకి యాక్సిల్ చివర చదునుగా ఉండే భాగం సరిగ్గా కూర్చునేలా గాడి కోయించి, రెండో చివర స్వింగ్ ఆర్మ్‌కి బోల్టేశా. టార్క్ ఆర్మ్ అంటారు. రెండువైపులా వెయ్యి. బ్యాటరీ కొనేది ఆ తర్వాతే.

అన్నట్టు, నాకు మొత్తం 82 వేలైంది. 12 వేలకి ‘ఇంకొంచెం’ కలిపితే అయ్యే పని కాదు నాయనా.

కరీంనగర్ అన్న:
మా దిక్కు గూడ ఒకాయన ఇట్లనే చేసిండు, బండి మంచిగనే ఉరుకుతది. గని ఆర్‌సీల ఇంక పెట్రోల్ అనే ఉంది. రేపు యాక్సిడెంటైతే ఇన్సూరెన్సోళ్లు ఊకుంటరా? ఏఆర్ఏఐ, ఐక్యాట్ అసొంటి బండ్లు టెస్ట్ చేసే సంస్థలోళ్లు నీ మోడల్‌కు ఓకే చేసిన కిట్టు పెట్టిస్తెనే ఆర్‌టీఓల మార్చుతరు. విడిగ కొన్న మోటరుకు కాదు. ఇంకోటి, 2004 బండంటే ఆర్‌సీ 15 ఏండ్లకే అయిపోయుంటది. రెన్యువల్ చేపిచ్చిన్రా?

తెనాలి కుర్రాడు:
బాబాయ్, 82 వేలు అనగానే గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఓకే అయిన కిట్టు ఎంతో కనుక్కుంటా. నాన్నకింకా చెప్పలేదు.

అన్నా, మీరన్నాక బీరువాలోంచి ఆర్‌సీ తీసి చూశా. 2019లో నాన్న రెన్యువల్ చేయించాడు, ఐదేళ్లకి. 2024తో అదీ అయిపోయింది. పొద్దున కూడా దాని మీదే డ్యూటీకెళ్లొచ్చా.