సింగపూర్‌లో యుద్ధఖైదీగా ఉన్న మా తాతగారి సైనిక రికార్డు ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం దగ్గరి పల్లె. మా తాతగారు బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేస్తూ, 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాను వశమైనప్పుడు యుద్ధఖైదీగా పట్టుబడి, యుద్ధం ముగిశాకే ఊరు చేరారు. అక్కడి సంగతులు అడిగితే మాట మార్చేసేవారట; కర్రపెండలం మాత్రం గడప దాటనిచ్చేవారు కాదని నాయనమ్మ చెప్పేది.

ఆయన విడుదల పత్రం ట్రంకుపెట్టెలో దొరికింది గానీ, సైనిక సంఖ్య ఉండాల్సిన మూలను చెదలు తినేయడంతో, ఆయన పేరు, తండ్రి పేరు, చికాకోల్ (శ్రీకాకుళానికి పాత పేరు) తాలూకా అన్న ముక్క తప్ప మరేమీ చదవడానికి వీల్లేదు. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది కనుక పాత కాగితాల్లో విశాఖపట్నం జిల్లా కింద, 1936కు ముందే సైన్యంలో చేరి ఉంటే గంజాం కింద వెతకాలి.

ఆయన ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారా, లేక చేరకుండా న్యూగినీ వంటి చోట్లకు కూలిపనికి తరలించబడినవారిలో ఉన్నారా అన్నది తెలుసుకోవాలని ఉంది. రెండింటిలో ఏదైనా మాకు గౌరవమే. సైనిక సంఖ్య లేకుండా రికార్డు సంపాదించినవారు ఎవరైనా ఉంటే, దరఖాస్తు ముందుగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇవ్వాలో, ఢిల్లీకి నేరుగా రాయాలో, జెనీవాలోని రెడ్‌క్రాస్ దగ్గర భారతీయ ఖైదీల వివరాలు మీకు దొరికాయో లేదో దయచేసి తెలుపగలరు. విజయనగరం, శ్రీకాకుళం కుటుంబాల అనుభవమైతే మరీ మేలు.