పెళ్ళి భోజనాల కొటేషన్లో ‘కంపోస్టబుల్’, ‘బయోడిగ్రేడబుల్’, ‘జీరో వేస్ట్’: దేన్ని నమ్మొచ్చు?

కొబ్బరితోట:
అమలాపురం దగ్గర పల్లెటూళ్ళో మాఘమాసంలో పెళ్ళి. 800 మందికి భోజనాలు, పగలు పంక్తి, రాత్రి బఫే. కేటరింగ్ వాళ్ళు మామూలు రేటు ఒకటి, ‘గ్రీన్ ప్యాకేజీ’ రేటు ఇంకోటి ఇచ్చారు. రెండోదాన్లో ప్లేట్లు బయోడిగ్రేడబుల్, చెత్త కవర్లు కంపోస్టబుల్, పేపర్ గ్లాసులు ఎకో ఫ్రెండ్లీ, తాంబూలం సంచులు నాన్ వోవెన్, పెళ్ళి మొత్తం జీరో వేస్ట్, కార్బన్ న్యూట్రల్ అట. వీటిలో దేనికి కొలత ఉంది, ఏది ఊరికే అంటించారు? ఇంకోటి, మిగిలిందంతా తోటలో నాలుగడుగుల గొయ్యి తీసి పూడ్చేస్తే ఎరువైపోతుందా?

గట్టుమీద:
గట్టి కొలత ఉన్నది కంపోస్టబుల్‌కండి, అంటే కుళ్ళి ఎరువయ్యేదానికి. ఐఎస్/ఐఎస్ఓ 17088 అనే ప్రమాణం ఉంది. పరీక్ష సుమారు 58 డిగ్రీల వేడిలో చేస్తారు, 180 రోజుల్లోపు అందులో 90 శాతాన్ని సూక్ష్మజీవులు తినేయాలి. కవరు మీద తయారీదారు పేరుతో పాటు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు అచ్చయి ఉండాలి. ఆకుపచ్చ ఆకు బొమ్మ ఒక్కటే ఉంటే వెనక్కిచ్చేయండి. నంబరున్న కవరైనా అంత వేడి నిలబడే పెద్ద కంపోస్టు యార్డుకే సరిపోతుంది. ఇంటి పెంటగుంటలో ఏడాది తర్వాత తవ్వినా పీలికలు పీలికలుగా కనిపిస్తుంది.

బయోడిగ్రేడబుల్ అంటే సూక్ష్మజీవులు తినేసేది. ఎన్నాళ్ళకి, ఎక్కడ అన్నది రాయకపోతే ఆ మాటకి విలువ లేదు. టేకు దూలం కూడా బయోడిగ్రేడబులే. కొందరు మామూలు పాలిథిన్‌లోనే మందు కలిపి, ఎండకి పెళుసై పొడయ్యేలా చేసి ఇదే పేరుతో అమ్ముతారు. ఆ పొడి మట్టిలోనే ఉండిపోతుంది.

పేపర్ గ్లాసుని ఇంట్లోనే చూసుకోవచ్చు. చింపి అరగంట వేడినీళ్ళలో నానబెట్టి, కాగితం వేలితో రుద్దేయండి. పల్చటి పొర మిగులుతుంది. అది పాలిథినో, మొక్కజొన్న పిండితో చేసే పీఎల్ఏ అనే ప్లాస్టికో చేత్తో తేలదు. తోటకి రెండూ పనికిరావు.

నాన్ వోవెన్ సంచి గుడ్డలా కనిపిస్తుంది గానీ పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. ఓ మూల పీచు తీసి అగ్గిపుల్ల చూపిస్తే కరిగి పూసలా ముడుచుకుంటుంది. నూలుగుడ్డయితే కాలి బూడిదవుతుంది. చదరపు మీటరుకి 60 గ్రాముల కంటే పల్చనిది అమ్మకూడదు కూడా.

ఆ ‘మామూలు రేటు’లో ఏమిస్తారో కూడా అడగండి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, స్వీటు పెట్టెలకీ శుభలేఖలకీ చుట్టే పల్చటి ప్లాస్టిక్, అలంకరణ థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం.

రావులపాలెం రోడ్డు:
పంక్తికి అరిటాకు ఉండగా ప్లేటు మాటెందుకండీ? పొద్దున కోసిన ఆకుని కట్టలుగా నీడలో పెట్టి తడి గోనె కప్పితే మధ్యాహ్నానికీ చిరగదు. ఎండ తగిలిందా, ఈనె దగ్గర చీలి సాంబారు కిందికి పోతుంది. బఫేకి అద్దె స్టీలు కంచాల్లో గుండ్రంగా కోసిన ఆకు వేస్తే కడుగుడు సగం తప్పుతుంది. స్టీలు గ్లాసులు మనుషుల లెక్కకి ఒకటిన్నర రెట్లు తెప్పించండి, లేకపోతే రెండో బంతికి కడిగేవాళ్ళు అందుకోలేరు.

చెరకు పిప్పి ప్లేట్లు తప్పదంటే ముందు ఒకదాంట్లో వేడి సాంబారు పోసి 20 నిమిషాలు ఉంచండి, అడుగు మెత్తబడితే బఫేలో చేతిలో విరుగుతుంది. ఇంకో ప్లేటు మీద నూనె చుక్క వేసి చూడండి. ఇంకకుండా గుండ్రంగా నిలిచిందంటే ఏదో పూత ఉన్నట్టు అనుమానించాలి. నూనె పీల్చకుండా కొన్నిటికి ఫ్లోరిన్ రసాయనాలు వాడతారు, అవి ఎరువులోకి దిగితే పోవు.

కొబ్బరితోట:
మరి గొయ్యి సంగతి?

పేడనీళ్ళు:
గొయ్యి వద్దు. మన డెల్టా బంకనేలలో నీరు ఇంకదు, చాలాచోట్ల కాస్త తవ్వితే ఊట వస్తుంది. నీళ్ళలో మునిగిన ఎంగిలాకు గాలాడక మురుగుతుంది, మీథేన్ వస్తుంది, వాసన తోట దాటుతుంది. నేలమీద కుప్పే వేయండి.

తోటలో మెరకచోటు చూసి, అడుగున కొబ్బరి డొక్కలు జానెడు ఎత్తు పరవండి. గాలీ నీరూ అటునుంచే కదులుతాయి. పైన ఎంగిలాకులు, కూరగాయ తొక్కలు ఒక గంప, ముక్కలు చేసిన వరిగడ్డి, ఎండుటాకులు రెండు గంపలు, అలా పొరలు. ప్రతి పొర మీదా పేడనీళ్ళు చిలకరించాలి. కుప్ప నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉండాలి, పొడవు ఎంతైనా ఫరవాలేదు. అంతకంటే చిన్నదైతే వేడి నిలవదు. పైన కొబ్బరాకు కప్పండి, టార్పాలిన్ బిగించి కడితే మళ్ళీ గాలాడదు.

అందరికీ బెడిసికొట్టేది మిగిలిన అన్నం. ముద్దలుగా వేస్తే ఆ ముద్ద లోపల పుల్లబడి పురుగు పడుతుంది. సాంబారు, రసం ముందే వంపేసి, అన్నాన్ని కొబ్బరి పొట్టులో విదిలించి పల్చగా చల్లాలి. పొట్టు నీళ్ళు బాగా పీలుస్తుంది. కాకపోతే అది త్వరగా కుళ్ళదు, కాబట్టి గడ్డి బదులు మొత్తం పొట్టే వేయకండి. చేప, రొయ్య పొట్టు కుప్ప నడిమధ్య పెట్టి అడుగు మందాన గడ్డి కప్పకపోతే కుక్కలు తోడేస్తాయి.

సరిగా పడితే నాలుగైదు రోజుల్లో లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఎక్కకపోతే ఓ గుప్పెడు పిండి చూడండి: నీళ్ళు కారితే గడ్డి కలపాలి, పొడిగా రాలితే పేడనీళ్ళు పోయాలి. వారం పదిరోజులకోసారి పారతో తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువు. మాఘంలో వేసింది వానలకి ముందే చేతికొస్తుంది. కాలువలకి నీళ్ళు ఆపేశాక తడపడం ఇబ్బందైతే కుప్పమీద కొబ్బరాకు మందంగా కప్పండి చాలు.

గట్టుమీద:
పేడనీళ్ళు గారు చెప్పిందానికి ఒకటి కలపాలి. కుప్పలో వేసే ఆకుల్లో పిన్నులు, పూలదండల నైలాన్ దారం, ఐస్‌క్రీమ్ కప్పులు దూరకుండా ఆకులెత్తే చోటే ఒక మనిషిని నిలబెట్టాలి. కుప్పలోకి వెళ్ళాక ఏరడం ఎవరివల్లా కాదు.

ఇక జీరో వేస్ట్ అంటే తగలబెట్టకుండా, డంపింగు యార్డుకి పంపకుండా చెత్తంతటికీ దారి చూపడం. కేటరర్‌ని ఒక్కటే అడగండి: ఎంత తూకం ఎక్కడికి వెళ్ళిందో రాసిస్తారా? రాసివ్వకపోతే ఆ మాట తీసేసి రేటు తగ్గించమనండి.

కార్బన్ న్యూట్రల్ అంటే మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కి సరిపడా వేరేచోట తగ్గించడం. దానికి లెక్క కావాలి. డీజిల్ లీటరు కాలిస్తే సుమారు 2.7 కిలోలు, గ్యాసు కిలోకి సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్. 19 కిలోల సిలిండర్లు ఆరు, జనరేటరుకి 40 లీటర్లు అనుకుంటే 342, 108 కలిపి 450 కిలోలు. చుట్టాల కార్లు, సరుకుల లారీ, పారేసిన అన్నం ఇందులో లేనేలేవు. ముందు తగ్గించగలిగింది తగ్గించి, మిగిలినదానికి కార్బన్ క్రెడిట్లు (వేరేచోట అంత తగ్గించారనే పత్రాలు) కొని, ఆ రసీదు చూపిస్తేనే ఆ మాట వాడాలి. నాలుగు మొక్కలు నాటి ఫొటో పెడితే సరిపోదు.

కొబ్బరితోట:
సరేనండి. అరిటాకు, అద్దె స్టీలు, నూలు సంచులు, మెరకమీద కుప్ప. చెత్త కవర్ల బదులు ఏం వాడాలి?

పేడనీళ్ళు:
ఖాళీ బియ్యం గోనెలు. జనప గోనెలైతే చిరిగాక ముక్కలు చేసి కుప్పలోనే వేసేయొచ్చు. ప్లాస్టిక్ నేతవైతే కడిగి ఆరేసుకోండి, ధాన్యానికి పనికొస్తాయి.