ఇంటరప్ట్ ఆన్ చేస్తే లెక్క తప్పుతోంది, ఏటి కారణం?

గాజువాక కుర్రోడు: అన్నలూ, నిన్న సాయంత్రం నుంచి దీంతోనే కొట్టుకుంటున్నాను. మైక్రోకంట్రోలర్‌తో ఉష్ణోగ్రత చూపించే బోర్డు ఇది. టైమర్ ఇంటరప్ట్ (నడుస్తున్న ప్రోగ్రాంని మధ్యలో ఆపి వేరే పని చేయించేది) ఆపేస్తే 27 అని చక్కగా చూపిస్తోంది. ఆన్ చేస్తే కాసేపు బాగానే ఉండి, ఉన్నట్టుండి ఏ 90కో ఎగిరిపోతోంది. ఇంటరప్ట్ రాగానే రిజిస్టర్లన్నీ (చిప్ లోపల విలువలుండే గళ్లు) దాస్తున్నాను, అయ్యాక తిరిగి పెడుతున్నాను. చిప్ కూడా మార్చాను, అదే గోల. రేపు కాలేజీలో చూపించాలి.

ఎండాడ: చిప్ ఏది? కోడ్ ఏది?

ఉప్పుగాలి: బోర్డు ఎక్కడ పెట్టావు తమ్ముడూ? వైజాగ్‌లో సముద్రం పక్కన ఉంటే సగం రోగాలు ఉప్పుగాలివే. సాకెట్ కాళ్లకి చిలుము పట్టిందేమో చూడు. సోల్డరింగ్ అయ్యాక ఫ్లక్స్ కడిగి పైన లక్క పూత వెయ్యాలి. ఈ కాలం పిల్లలు ఎవరూ వెయ్యరు.

గాజువాక కుర్రోడు: ఇంటరప్ట్ ఆపితే బాగుంటోందని చెప్పాను కదండీ.

ఎండాడ: చిప్?

గాజువాక కుర్రోడు: పిక్ 16ఎఫ్877ఎ మైక్రోకంట్రోలర్, కోడ్ అసెంబ్లీలో. మా దగ్గర అందరిదీ అదే.

పాత 8051: మా 8051 చిప్‌లో అయితే పుష్ పీఎస్‌డబ్ల్యూ (ఫ్లాగ్‌ల రిజిస్టర్), పుష్ ఏసీసీ (లెక్కల రిజిస్టర్) అని స్టాక్‌లో దాచి, చివర్లో పాప్‌లతో తిరగేసి తీసుకోవడమే. అయిపోయింది. పిక్‌లో పుష్ అన్నదే లేదు, పాపం.

ఆర్మ్ అభిమాని: ఇంకా అవేంటి గురూ! ఆర్మ్ కార్టెక్స్-ఎం చిప్ అయితే ఇంటరప్ట్ రాగానే 8 రిజిస్టర్లు హార్డ్‌వేరే స్టాక్‌లో పెడుతుంది. కాంటెక్స్ట్ స్విచింగ్ దానంతట అదే.

పాత 8051: స్విచింగ్ కాదు, సేవింగ్. స్విచింగంటే టాస్కు మారాలి.

ఆర్మ్ అభిమాని: రెండూ ఒకటే లెండి సార్.

పాత 8051: కాదు.

ఎండాడ: కుర్రోడా, తిరిగి పెట్టే లైన్లు చెప్పు.

గాజువాక కుర్రోడు: ముందు స్టేటస్ (ఫ్లాగ్‌లుండే రిజిస్టర్), తర్వాత మూవ్ఎఫ్‌తో డబ్ల్యూ (లెక్కల రిజిస్టర్), ఆపైన రెట్‌ఫై (ఇంటరప్ట్ నుంచి వెనక్కి).

ఎండాడ: అదే దొంగ. మూవ్ఎఫ్ జెడ్ ఫ్లాగ్‌ని (ఫలితం సున్నా అని చెప్పే గుర్తు) మారుస్తుంది, అంటే అప్పుడే పెట్టిన స్టేటస్ చెడిపోతుంది. మెయిన్‌లో కౌంటర్‌ని డెక్ఎఫ్ చేసి (ఒకటి తగ్గించి) జెడ్ చూసే చోట సరిగ్గా ఆ మధ్యలో ఇంటరప్ట్ పడితే, సున్నా దాటిపోయి లూప్ మళ్లీ 255 నుంచి మొదలు. స్వాప్ఎఫ్ (బైట్‌లో రెండు సగాల్ని తారుమారు చేసేది) ఏ ఫ్లాగ్‌నీ ముట్టదు. దాచిన డబ్ల్యూని ముందు ఉన్నచోటే స్వాప్ చెయ్యి, మళ్లీ డబ్ల్యూలోకి స్వాప్ చెయ్యి. రెండుసార్లు తిరిగేసరికి అసలు విలువే వస్తుంది. ఇంతకీ దాచేది ఎక్కడ?

గాజువాక కుర్రోడు: మెమరీలో 20 హెక్స్ అడ్రస్.

ఎండాడ: 70కి మార్చు. 70 నుంచి 7ఎఫ్ దాకా నాలుగు బ్యాంకులకీ (మెమరీ భాగాలు) ఉమ్మడి. 20లో ఉంటే, బ్యాంక్ 1లో ఉండగా ఇంటరప్ట్ వచ్చినప్పుడు ఎ0లోకి రాసి అక్కడున్నదాన్ని తినేస్తుంది. కోడ్ 2048 వర్డ్‌లు దాటితే పీసీల్యాథ్ (కోడ్ అడ్రస్ పై బిట్లుండే రిజిస్టర్) కూడా దాచు.

గాజువాక కుర్రోడు: నిలబడింది. థాంక్స్ అన్నా.

ఉప్పుగాలి: లక్క మాత్రం వెయ్యి.

మధురవాడ: నాది 16ఎఫ్1827. దీనికీ ఈ స్వాప్‌లన్నీ కావాలా?