తరిగే చెక్కకు వార్నిషా, నూనెనా?

కొత్తరంపం: మా చెల్లెలి గృహప్రవేశానికి కానుకగా ఇవ్వాలని మే నెలలో కూరగాయలు తరిగే చెక్క ఒకటి చేశాను. టేకు, మామిడి పట్టెలు పక్కపక్కన అతికించి, నాలుగు వైపులా రోజ్‌వుడ్ అంచు జిగురుతో బిగించాను. వెడల్పు 30 సెంటీమీటర్లు. గరుకు కాగితం పని పూర్తయింది. పైన ఏమి పూయాలి?

టేకుపట్టె: పీయూ (పాలీయురిథేన్) వార్నిష్, మూడు పూతలు. అద్దంలా ఉంటుంది, పసుపు మరక అంటదు.

చింతమొద్దు: వద్దండి. కత్తి పడిన చోటల్లా వార్నిష్ పెచ్చులూడి కూరలో కలుస్తుంది. మందుల దుకాణంలో లిక్విడ్ పారఫిన్ అనే నూనె దొరుకుతుంది. చెక్క తాగినంత పట్టించి, రాత్రంతా ఉంచి తుడవండి. తర్వాత ఒక పాలు తేనెమైనం, నాలుగు పాళ్లు అదే నూనె కలిపి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి రుద్దండి. పొద్దుతిరుగుడు నూనె మాత్రం వాడవద్దు, కొన్నాళ్లకు కంపు కొడుతుంది.

వంటిల్లు: అసలు టేకు ఎందుకు? అందులో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, కత్తి మొండిబారుతుంది.

లక్కపిడత: ఏటికొప్పాక బొమ్మల మీద వేసే లక్క వేయవచ్చు కదా?

చింతమొద్దు: ఆ లక్క తిరుగుతున్న కొయ్యకు అదిమి పట్టినప్పుడు రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. పలక మీద ఆ పని కుదరదు. పైగా బొమ్మను ఎవరూ కత్తితో కొట్టరు.

టేకుపట్టె: నూనె మళ్లీ మళ్లీ పూయాలి. కానుక తీసుకున్నవారు పూస్తారా?

వంటిల్లు: టేకు సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

చింతమొద్దు: టేకుపట్టె గారూ, మీరు ఏనాడైనా ఉల్లిపాయ తరిగారా?

టేకుపట్టె: మర్యాదగా మాట్లాడండి. నా మొదటి చెక్కకు పదిహేను ఆదివారాలు పట్టింది. మీరు చెప్పినట్టే నూనె పట్టించి మా అన్నకు ఇచ్చాను. నెల తర్వాత వెళితే అంట్ల తొట్టిలో, నీళ్లలో తేలుతోంది. అతుకులు విడిపోయాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే మెరుస్తూ ఉంటే గోడకు తగిలించుకునేవారు.

చింతమొద్దు: అయితే మీ బాధ పూత గురించి కాదు, మీ చేతిపనిని ఎవరూ పాడుచేయకూడదని. మా నాన్నది మాంసం కొట్టు. చింతమొద్దు మీద రోజూ రాత్రి ఉప్పు చల్లి గీకేవారు. ఇరవై ఏళ్లకు నడుమ పళ్లెంలా అరిగింది. ఇప్పుడు నాన్న లేరు. ఆ గుంటలో చెయ్యి పెడితే ఆయన ఎటు నిలబడేవారో తెలుస్తుంది. అరగని మొద్దు మాకు ఎందుకండీ?

టేకుపట్టె: అది పనిముట్టు. ఇది కానుక. నా శ్రమ అరిగిపోతుంటే చూడలేను.

ఉలిదెబ్బ: అంచు సంగతి ఎవరూ అడగలేదేమిటి? చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు ఉబ్బదు. ఎండాకాలంలో చుట్టూ బిగించారు. వానల్లో పట్టెలు వెడల్పు పెరిగి మూలలను తోస్తాయి. ఏ పూతా దాన్ని ఆపలేదు.

కొత్తరంపం: ఇప్పుడే చూశాను. ఒక మూల గోరు దూరేంత విచ్చింది. చెల్లెలికి ఫోన్ చేసి, తరుగుతావా, గోడకు తగిలిస్తావా అని అడిగాను. "తరగడానికే కదా అన్నయ్యా, ఇక్కడ ప్లాస్టిక్ పలక మీద అవస్థ పడుతున్నాను" అంది. రేపు అంచు కోసేసి నూనె పట్టిస్తాను.

టేకుపట్టె: నీళ్లలో నానబెట్టవద్దని ఆమెకు చెప్పండి. కడిగాక నిలబెట్టి ఆరబెట్టమనండి. చీటీ మీద రాసి ఇవ్వండి.